వదిన కంప్యూటరుకు తెర

దొంగతనం అంటగట్టినా సర్దుకుపోతానేమో గానీ, చాడీలు మోస్తానంటే మాత్రం నేను ఊరుకోను. ఆ మాట అన్నది మా వదిన కాబట్టి ఇంకా మండింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, డబ్బా మూత కూడా తీయకుండా, "మీ అన్నయ్యకి ఎందుకు చెప్పావ్?" అని అడిగింది.

"ఏం చెప్పాను వదినా?"

"వేరే ఊరి బ్రాంచిలో పోస్టుకి అప్లై చేశానని. నిన్న అన్నం వడ్డిస్తుంటే, 'ఊరు మారాలనుంటే ముందు మొగుడికి చెప్పాలిగా' అన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా చెప్పలేదు. నా సీట్లో కూర్చుని టైప్ చేశాను, అంతే."

"అయితే నేను చెప్పానని ఎలా అంటావ్?"

"నా స్క్రీన్‌లోకి తొంగిచూడగలిగేది నువ్వేగా."

ఇక్కడ మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. మాది బీమా కంపెనీ. జనం పంపే ఆసుపత్రి బిల్లులు చదివి ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో తేల్చేది వదిన. కంప్యూటర్ల విభాగంలో డెస్క్‌టాప్‌లు చూసేది నేను. ఆ విభాగానికి మేనేజరు మా అన్నయ్య. అంటే ముగ్గురం ఉండే ఇంట్లో అన్నయ్య, ఇక్కడ బాసు. మా దగ్గర ఎవరి బల్ల మీదా నిజమైన కంప్యూటర్ ఉండదు. ఒక స్క్రీను, అరచేతిలో పట్టే పెట్టె, అంతే. అసలు కంప్యూటర్లన్నీ సర్వర్ రూములోని పెద్ద మెషిన్ల కడుపులో ఉంటాయి. ఒక్క పెద్ద మెషిన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ నువ్వే ఒక కంప్యూటర్‌వి అని నమ్మించే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. అలా నమ్మిన ముక్కలే వర్చువల్ డెస్క్‌టాప్‌లు. ఎవరికైనా ఏదైనా ఆగిపోతే నేను నా సీటు నుంచే వాళ్ల స్క్రీన్ తెరిచి బాగుచేస్తాను.

"నేను చూడాలంటే ముందు నీ స్క్రీన్ మీద అడుగుతుంది వదినా. నువ్వు సరే అని నొక్కితేనే నాకు కనిపిస్తుంది" అన్నాను.

"అది నువ్వు చెప్పే మాట. నిజమో కాదో నాకేం తెలుసు? పోయిన వారం వీడియో ఇంటర్వ్యూలో నోరు తెరిచానో లేదో మెషిన్ రీస్టార్ట్ అయింది. అది కూడా నాకేం తెలుసు?" వదిన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "వాళ్లు దయ తలచి ఈ శుక్రవారం ఇంకోసారి పిలిచారు. ఈసారీ మధ్యలో పోతే ఇక పిలవరు. ఏళ్లుగా అదే కుర్చీలో అవే బిల్లులు చదువుతున్నాను. ఆ పోస్టు వస్తే ఒక విభాగం నా చేతికి వస్తుంది. వచ్చాక ఆయనకి చెబుదామనుకున్నాను. రాకపోతే ఆ మాటే అక్కర్లేదు కదా అనుకున్నాను. నీకు దణ్ణం పెడతాను, శుక్రవారం మాత్రం నా మెషిన్ జోలికి రాకు."

"నేనా నీ మెషిన్ పాడుచేసింది?"

"ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు" అని డబ్బా అలాగే పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

నాకు అన్నం సహించలేదు. మా వదిన మనిషిని నొప్పించే మాట అనడం నేను అప్పటిదాకా వినలేదు. నాకు పెళ్లి సంబంధం తప్పిపోయినప్పుడు ఇంటిల్లిపాదీ నన్ను ఓదారుస్తూ చంపుతుంటే, ఒక్క వదినే 'పోతే పోయాడు, ముక్కు కూడా బాగాలేదు' అని నవ్వించింది. అలాంటి మనిషికి నేను ఇంటి దొంగనైపోయాను.

నేరుగా అన్నయ్య క్యాబిన్‌కి వెళ్లాను. అన్నయ్య నన్ను చూడగానే కుర్చీ వెనక్కి జరిపి నవ్వాడు.

"ఏంటి మిరపకాయ్, ముఖం అలా పెట్టావ్?"

"వదిన అప్లై చేసిన సంగతి నీకెవరు చెప్పారు?"

నవ్వు కొంచెం తగ్గింది. తలుపు వైపు చూసి గొంతు దించాడు. "ఎవరితోనూ అనకు. సర్వర్ రూములో పెద్దాయన ఉన్నాడు చూడు, ఆయన నోరు జారాడు. ఆయనకెలా తెలిసిందో నాకు తెలీదు. నేనూ అదే ఆలోచిస్తున్నా."

మా అన్నయ్య మాట నాకు వేదం. నాకు ఈ పని నేర్పింది ఆయన, ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. కాబట్టి నా అనుమానం తిన్నగా వెళ్లి సర్వర్ రూము తలుపు మీద పడింది. అది పడడానికి అక్కడ చోటు ముందే సిద్ధంగా ఉంది కూడా.

ఆ సర్వర్ రూము మనిషికి నేను పెట్టుకున్న పేరు సణుగుడు మాస్టారు. ఎదురుగా మాత్రం ఉత్త మాస్టారు. పలకరిస్తే సణుగుతాడు, పలకరించకపోతే పలకరించలేదని సణుగుతాడు. కిందటి నెల ఆయన హైపర్‌వైజర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించాడు. అప్పటి నుంచి నా బతుకు బస్టాండైంది. ఒకరి మౌస్ నత్తలా కదులుతుంది, ఒకరికి రెండో స్క్రీన్ మాయమవుతుంది, ఒకరికి అక్షరాలు రెండుసార్లు పడతాయి. ప్రతి డెస్క్‌టాప్ లోపలా ఏజెంట్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. బల్ల దగ్గరి మనిషికీ కింద ఉన్న హైపర్‌వైజర్‌కీ మధ్య రాయబారం అది నడపాలి. కొత్త హైపర్‌వైజర్‌కీ పాత ఏజెంట్‌కీ పొసగలేదు. ఏజెంట్ మారుస్తానని నేను రెండుసార్లు అన్నయ్యని అడిగాను. 'లెక్కలు మూసే రోజులు, ఇప్పుడు ఏదీ కదపకు' అన్నాడు. ఒక పరీక్ష మెషిన్ మీద నేను మార్చి చూస్తే అది పూర్తిగా చచ్చిపోయి కూర్చుంది. సణుగుడు మాస్టారే ఏదో మెలిక పెట్టాడని నాకు అప్పుడే అనిపించింది.

సర్వర్ రూములో చలి. మాస్టారు స్వెట్టర్ వేసుకుని రెండు స్క్రీన్ల ముందు కూర్చుని ఉన్నాడు. నేను కూర్చోలేదు.

"మీ అప్‌డేట్ వల్ల నా డెస్క్‌టాప్‌లన్నీ మంచం పట్టాయి మాస్టారూ."

"నా వైపు ఏ తప్పూ లేదు" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "నీ మెషిన్లు నీకే తెలియవు. ఇదిగో, ఏదో ఒకటి తెరుస్తాను. ఎంత బాగా నడుస్తోందో చూడు."

జాబితాలో ఒక పేరు మీద నొక్కాడు. స్క్రీన్ తెరుచుకుంది. నేను చూసింది ఖాతాల విభాగంలో ఉండే ఒకావిడ స్క్రీను. ఆవిడ అప్పుడే ఎవరికో ఉత్తరం రాస్తోంది. అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. 'డాక్టర్ మళ్లీ రమ్మన్నాడు, ఇంట్లో ఇంకా చెప్పలేదు' అని నా కళ్ల ముందే రాసింది.

నేను కళ్లు పక్కకి తిప్పుకున్నాను.

"మూసేయండి" అన్నాను. ఆయన మూసేశాడు.

ఇది కనిపించకూడదు. సర్వర్ రూము వైపు నుంచి తెరిచే ఆ కిటికీని కన్సోల్ అంటారు. బల్ల దగ్గర మనిషి పని చేసుకుంటున్నంతసేపూ కన్సోల్ తెరిస్తే ఉత్త నలుపు రావాలి. ఆ నల్లటి తెర వేయడం కూడా ఏజెంట్ పనే. పొసగని ఏజెంట్ మౌస్‌నీ స్క్రీన్‌నీ పాడుచేసిందని మేమంతా గోల పెడుతున్నాం గానీ, తెర వేయడం మానేసిందని ఎవరమూ గమనించలేదు. ఇక్కడ చూస్తే అడిగేదీ లేదు, సరే అనేదీ లేదు, చూస్తున్నట్టు బల్ల దగ్గరి మనిషికి తెలిసేదీ లేదు.

"ఎన్నాళ్లుగా ఇలా కనిపిస్తోంది?"

"నాకేం తెలుసు? నేను మెషిన్ బతికుందా లేదా చూస్తాను, అందులో ఎవరు ఏం రాసుకుంటే నాకేం? తెర నీది, నువ్వు కట్టుకోవాలి. పైగా నా మీదకొస్తావ్." సణుగుతూ గ్లాసు అందుకున్నాడు. "ఆ పరీక్ష మెషిన్ కూడా నువ్వే చంపుకున్నావ్. ముందు హైపర్‌వైజర్‌తో వచ్చే టూల్స్ మార్చి ఆ తర్వాత ఏజెంట్ మార్చాలి. తలా తోకా తిరగేసి చేస్తే నేనేం చేయను?"

దొంగ కాబట్టే ఇంత తెలుసనుకున్నాను. నిజానికి అది ఈ పనిలో ఎవరైనా తెలుసుకుని ఉండాల్సిన వరస. కోపంలో నాకు ఆ మాత్రం ఆలోచన కూడా రాలేదు.

మళ్లీ అన్నయ్య క్యాబిన్. అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అన్నయ్య పెన్ను తిప్పుతూ విన్నాడు.

"మంచి పని చేశావ్" అన్నాడు. "కానీ ఇప్పుడే తెర వేసేస్తే ఆయన జాగ్రత్తపడతాడు. శుక్రవారం సాయంత్రం దాకా దేన్నీ ముట్టుకోకు. ఈలోగా నేను కనిపెడుతూ ఉండి పట్టుకుంటాను. వదినకి కూడా చెప్పకు, పాపం భయపడుతుంది."

సరేనన్నాను. బయటికొచ్చాక సగం నడవాలో ఆగిపోయాను. శుక్రవారం సాయంత్రం అంటే వదిన ఇంటర్వ్యూ అయిపోయాక. ఆ దొంగ ఈసారి కూడా మధ్యలో రీస్టార్ట్ కొడితే? దొంగని పట్టుకునే సరదాలో వదిన పోస్టు గాలికి పోతుంది. అన్నయ్యకి ఆ సంగతి తట్టలేదు కాబోలు అనుకున్నాను. మగవాళ్లకి ఇలాంటివి తట్టవు అని కూడా అనుకున్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

అప్పుడు వచ్చింది నా ఉపాయం. వదిన ఒక్కదాని మెషిన్‌కే తెర వేస్తాను. ఎవరికీ చెప్పను. వదినకి అసలు తేడాయే తెలియదు, మౌస్ కాస్త బాగా కదులుతుంది, అంతే. ఆ మెషిన్ నల్లగా అయిపోయిందని ఎవరికి తెలుస్తుంది? అటు నుంచి చూసేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు వాడంతట వాడే బయటపడతాడు.

మా డెస్క్‌టాప్‌లన్నీ ఒక తల్లి ప్రతి నుంచి పుడతాయి. మనిషి పని ముగించి బయటికెళ్లగానే ఆ పిల్ల చెరిగిపోతుంది, మర్నాడు మళ్లీ తల్లి నుంచి కొత్తది పుడుతుంది. అంచేత వదిన మెషిన్‌ని మాత్రం బాగుచేసి వదిలేస్తే మర్నాటికి మళ్లీ పాతదే వస్తుంది. తల్లి ప్రతికి ఇంకో నకలు తీశాను. పాత ఏజెంట్ తీసేశాను. ముందు టూల్స్, తర్వాత స్క్రీన్‌ని నడిపే డ్రైవర్, ఆ తర్వాతే ఏజెంట్ ఎక్కించాను. దొంగ చెప్పిన వరసే అయినా వరస వరసే కదా. మెషిన్ లేచి నిలబడింది. మౌస్ వెన్నలా కదిలింది. నా సీటు నుంచి అందులో పని చేస్తూ, పరీక్ష మెషిన్ల వరకే నాకున్న అధికారంతో దాని కన్సోల్ తెరిచి చూశాను. నల్లగా, ముచ్చటగా, చీకటి కొట్టులా ఉంది. ఆ మెషిన్‌ని వదిన పేరుకి తగిలించాను.

శుక్రవారం పొద్దున వదిన నాతో మాట్లాడలేదు. జుట్టు బిగించి ముడి వేసుకుంది. ఎన్నడూ లేనిది ఇస్త్రీ చీర కట్టింది. భోజనాల వేళ దాటాక, హాలు మూలనున్న అద్దాల గదిలో ఒక స్క్రీన్ ముందు కూర్చుని చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుంది. ఆ గదిలో ఏ స్క్రీన్ మీద కూర్చున్నా ఆమె పేరు కొట్టగానే ఆమె మెషినే వస్తుంది.

నేను నడవాలో నీళ్ల యంత్రం పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి ఎడమ వైపు చూస్తే వదిన, కుడి వైపు సర్వర్ రూము తలుపు అద్దంలోంచి సణుగుడు మాస్టారు వీపు. కాగితం గ్లాసు పట్టుకుని, తాగిన నీళ్లే మళ్లీ తాగుతూ, ఆ స్వెట్టర్ వీపుని గుచ్చిగుచ్చి చూశాను. ఇప్పుడు నల్లగా వస్తుంది నాయనా, ఇప్పుడు కంగారుపడతావ్ చూడు, అని లోపల లోపల పళ్లు నూరుతున్నాను.

వదిన పెదాలు కదలడం మొదలుపెట్టాయి. చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది. మాస్టారు కదల్లేదు. కాసేపటికి కళ్లజోడు తీసి స్వెట్టర్ అంచుతో తుడుచుకున్నాడు. ఆయన ముందున్న స్క్రీన్ల మీద ఏవో ఆకుపచ్చ గీతలు తప్ప ఏ కన్సోలూ తెరిచి లేదు. ఆవులించాడు.

నా ఫోన్ మోగింది. అన్నయ్య.

"మిరపకాయ్, వదిన మెషిన్‌ని ఏమైనా కదిపావా?"

"ఏం?"

"చచ్చినట్టుంది. ఉత్త నలుపు. అసలే ఏదో ముఖ్యమైన పనిలో ఉందేమో పాపం. ఒక రీస్టార్ట్ కొట్టేస్తాను, లేస్తుంది."

నాకు మొదట ఆ మాటలు అర్థం కాలేదు. మాటలన్నీ తెలిసినవే, గొంతూ తెలిసినదే, అయినా అర్థం కాలేదు. మేనేజరు కాబట్టి కన్సోల్ అన్నయ్య కూడా తెరవగలడని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. కుడి వైపు సణుగుడు మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మళ్లీ పనిలో పడ్డాడు. ఎడమ వైపు వదిన నవ్వుతోంది.

"కొట్టకు అన్నయ్యా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎందుకు?"

"వదిన నా కళ్ల ముందే ఉంది. మాట్లాడుతోంది, నవ్వుతోంది కూడా. తన స్క్రీన్ శుభ్రంగా ఉంది. నల్లగా ఉన్నది నీకొక్కడికే."

అటు వైపు కుర్చీ చక్రం కిరకిరలాడింది.

"పని ఎలా నడుస్తోందో చూద్దామని..." అని మొదలుపెట్టి ఆపేశాడు. వెంటనే అన్నయ్య గొంతు మారింది. "అయినా పెళ్లాం ఏం చేస్తోందో మొగుడికి తెలియకూడదా? నన్ను వదిలేసి ఊరు పోదామని చూస్తుంటే నేను చూస్తూ కూర్చోవాలా?"

"చూస్తూ కూర్చున్నావుగా. నెల నుంచీ అదేగా చేస్తున్నావ్. పోయిన వారం రీస్టార్ట్ కొట్టింది కూడా నువ్వేగా."

ఏజెంట్ మార్చవద్దని రెండుసార్లు ఆపింది, శుక్రవారం సాయంత్రం దాకా ముట్టుకోవద్దన్నది, వదినకి చెప్పవద్దన్నది, ఏ పాపమూ ఎరగని ఆ ముసలాయన మీదకి నన్ను ఉసిగొల్పింది, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. కోపం వస్తుందనుకున్నాను, ముందు ఏడుపే వచ్చింది.

"ఆ బటన్ నొక్కావంటే" అన్నాను, "ఇక్కడి నుంచి తిన్నగా హాల్లోకి వెళ్లి నీ క్యాబిన్ స్క్రీన్ మీద రోజూ ఎవరెవరు కనిపిస్తున్నారో అందరికీ చెప్తాను. చెల్లెలు కదా, చెప్పదులే అనుకోకు."

అన్నయ్య ఫోన్ పెట్టేశాడు. నేను వదిన వైపే చూస్తూ నిలబడ్డాను. ప్రతి క్షణం ఆ స్క్రీన్ ఆరిపోతుందేమోనని ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. ఆరిపోలేదు. వదిన అడిగినవాటికి ఆలోచించి జవాబులు చెప్పింది, ఒక చోట ఎదురు ప్రశ్న కూడా వేసినట్టుంది, తర్వాత తల వంచి నమస్కారం పెట్టి హెడ్‌సెట్ తీసింది.

బయటికొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూడగానే ఆ వెలుగు కొంచెం తగ్గి, అయినా నా దగ్గరికే వచ్చింది.

"మధ్యలో పోలేదు. మౌస్ కూడా బాగా పనిచేసింది. నువ్వేనా చేసింది?"

"ఆఁ."

"బాగా జరిగింది. వచ్చేట్టే ఉంది. సోమవారం చెబుతామన్నారు." నా కళ్లు చూసింది. "ఏడ్చావా? నేను అన్నదానికా?"

తల అడ్డంగా ఊపాను. చేతిలో ఫోన్ మళ్లీ వెలిగింది, దాని మీద అన్నయ్య పేరుంది. వదిన అది చూసింది. తర్వాత హాలు అవతల క్యాబిన్ వైపు చూసింది. ఎప్పుడూ తెరిచి ఉండే ఆ తలుపు అప్పుడు మూసి ఉంది.

"నీ స్క్రీన్ ఇంకెవరికీ కనిపించకుండా తెర వేశాను వదినా" అన్నాను. "ఇంటర్వ్యూ మధ్యలో అన్నయ్య ఫోన్ చేశాడు, నల్లగా వస్తోందని."

వదిన ఆశ్చర్యపోలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి పుట్టించింది. నీళ్ల యంత్రం దగ్గరున్న కుర్చీలో మెల్లగా కూర్చుని చీర మడతలు సరిచేసుకుంది.

"నువ్వే అయ్యుంటే బాగుండునని ఎంత కోరుకున్నానో తెలుసా?" అంది. "నువ్వైతే నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండి, మళ్లీ మాట్లాడేదాన్ని."

నేను ఆమె పక్కన నేల మీదే కూర్చున్నాను. వదిన నా తల మీద చేయి వేసింది. సాయంత్రం ఇద్దరం కలిసి ఏ ఇంటికి వెళ్లాలో మాకు తెలియలేదు.